అరకు అందాలు.. తొందరపడితే అందవు

తెనాలి, బాపట్ల, రేపల్లె: కృష్ణా పశ్చిమ డెల్టా ప్రజలకు కాలువలు, వరిచేలు, సూర్యలంక సముద్రతీరం చిరపరిచితాలు. కొండ అంటే మాత్రం మంగళగిరి, కోటప్పకొండ గుర్తుకు వస్తాయి. ఉదయం ఎక్కి, దర్శనం చేసుకుని, మధ్యాహ్నానికి దిగివచ్చే కొండలవి. కొండల నడుమ ఒక ఊరు, అక్కడ పంటలు, సంతలు, మంచు కమ్మిన ఉదయాలు ఎలా ఉంటాయో చూడాలంటే విశాఖపట్నం దాటి అరకులోయకు వెళ్లవలసిందే. పాఠశాలల సెలవులు రాగానే ఈ ప్రాంతం నుంచి అరకుకు బయలుదేరే కుటుంబాలు ఏటా కనిపిస్తూనే ఉన్నాయి. అయితే వారిలో చాలామంది విశాఖలో బస చేసి, తెల్లవారుజామున బయలుదేరి, రాత్రికి తిరిగి విశాఖ చేరుకునే ఒక రోజు యాత్రనే ఎంచుకుంటున్నారు. పది పన్నెండు గంటలు ప్రయాణంలోనే గడిచి, పిల్లలు వాంతులతో, పెద్దలు నడుము నొప్పులతో తిరిగివస్తున్నారు. కొండ మీద ఒక్క రాత్రి గడిపితే ఇదే యాత్ర పూర్తిగా వేరుగా ఉంటుంది.

ఎప్పుడు వెళ్లాలి?

అరకులోయ సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. తెనాలి, బాపట్ల పట్టణాలు పది మీటర్లకు అటూఇటుగా ఉంటాయి. ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకు ఉష్ణోగ్రత సగటున ఆరు డిగ్రీలకు పైగా తగ్గుతుందన్నది సాధారణ లెక్క. అందువల్ల మే నెలలో డెల్టాలో 40 డిగ్రీలు మండుతుంటే అరకులో మధ్యాహ్నం వేళ 33, 34 డిగ్రీలు ఉండటంలో వింత లేదు. ఊటీ చలిని ఊహించుకుని వేసవిలో వెళ్లినవారు నిరాశ చెందేది ఇందుకే. రాత్రులు, ఉదయాలు మాత్రం హాయిగా ఉంటాయి.

అసలైన అందం నవంబరు నుంచి జనవరి వరకు కనిపిస్తుంది. నవంబరు, డిసెంబరు నెలల్లో వలిసె చేలు పసుపుపచ్చగా విరగబూస్తాయి. చిక్కేమిటంటే డెల్టాలో వరి కోతలు, నూర్పిళ్లు, మినుము సాగు పనులు ముమ్మరంగా సాగేది కూడా అప్పుడే. వ్యవసాయ కుటుంబాలకు తీరిక దొరికేసరికి సంక్రాంతి వస్తుంది. ఆ సెలవుల్లో అరకులో గదులు దొరకవు, ఘాట్ రోడ్డుపై వాహనాలు బారులు తీరుతాయి. పండుగ వెళ్లిన తరువాత జనవరి చివరి వారంలో, శని ఆదివారాలు కాని రోజుల్లో వెళ్లడం మేలు. వలిసె పూలు అప్పటికి ముగిసిపోయినా చలి ఉంటుంది, కాఫీ పండ్ల కోతలూ కొన్ని తోటల్లో సాగుతూ ఉంటాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో జల్లులు పడితే కాఫీ చెట్లు మల్లెల వలె తెల్లగా పూస్తాయి. ఈ సంగతి ఎక్కువమంది పర్యాటకులకు తెలియదు. జలపాతాల నిండుదనం కోరేవారికి వర్షాలు తగ్గుముఖం పట్టే అక్టోబరు అనుకూలం. జులై, ఆగస్టు నెలల్లో కొండచరియలు విరిగిపడి రైళ్లు నిలిచిపోయే అవకాశం ఉన్నందున పసిపిల్లలతో వెళ్లేవారు ఆ రోజులను మినహాయించుకోవాలి.

రైలులో ఎక్కడమే అందం

తెనాలి, బాపట్ల రెండూ విజయవాడ–గూడూరు ప్రధాన మార్గంపైనే ఉన్నాయి. విశాఖపట్నం తెనాలి నుంచి సుమారు 380 కిలోమీటర్లు, బాపట్ల నుంచి సుమారు 425 కిలోమీటర్లు ఉంటుంది. తిరుమల ఎక్స్‌ప్రెస్ ఈ రెండు స్టేషన్లలోనూ ఆగుతుంది. రేపల్లె వారు శాఖా మార్గంలో సుమారు 34 కిలోమీటర్లు ప్రయాణించి తెనాలిలో రైలు మారాలి. పిల్లలు, సామాన్లతో ఈ మార్పిడికి కనీసం గంటన్నర వ్యవధి ఉంచుకోవడం మంచిది.

విశాఖలో కిరండూల్ రైలు ఉదయం ఏడు గంటలకు కొద్దిగా ముందే బయలుదేరుతుంది. రాత్రి రైలులో వెళ్లి నేరుగా దీనిని అందుకోవాలని ప్రయత్నించేవారు అది ఆలస్యమైతే రెండూ పోగొట్టుకుంటారు. ముందురోజు సాయంత్రానికే విశాఖ చేరి అక్కడ నిద్రించడం క్షేమం.

కొత్తవలస–కిరండూల్ మార్గాన్ని 1960 దశకంలో నిర్మించింది పర్యాటకుల కోసం కాదు. బస్తర్‌లోని బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు చేర్చి జపాన్‌కు ఎగుమతి చేయడానికి ఉద్దేశించినది. నేటికీ ఖనిజం మోసే గూడ్సు రైళ్లదే ఇక్కడ పెద్దపీట. ప్రయాణికుల రైలు మధ్యలో ఎక్కడైనా ఆగిందంటే ఎదురుగా గూడ్సు వస్తున్నదని భావించవచ్చు. మొత్తం మార్గంలో 58 సొరంగాలు ఉండగా, వాటిలో అధికభాగం అరకు చేరేలోపే వస్తాయి. బొడ్డవర దాటిన తరువాత కొండ మొదలవుతుంది. సొరంగం రాగానే పెట్టెలోని పిల్లలంతా ఒక్కసారిగా కేకలు వేయడం ఈ రైలులో ఆనవాయితీ. బొర్రా గుహలు, కరకవలస దాటాక వచ్చే శిమిలిగుడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తున ఉంది. బ్రాడ్‌గేజ్ మార్గంలో ప్రపంచంలోకెల్లా ఎత్తయిన స్టేషన్‌గా ఇది చాలాకాలం పేరు పొందింది. ఇక్కడి నుంచి అరకు స్టేషన్‌కు మార్గం కొంత కిందికి దిగుతుంది. ఎత్తు పెరిగేకొద్దీ చెవులు మూసుకుపోయినట్లు అనిపించడం సహజం. పిల్లల చేత చప్పరింపు బిళ్లలు తినిపిస్తే సర్దుకుంటుంది.

అద్దాల కప్పు, వెడల్పాటి కిటికీలు గల విస్టాడోమ్ పెట్టెను ఈ మార్గంలో 2017 ఏప్రిల్‌లో ప్రవేశపెట్టారు. సెలవు రోజుల్లో దాని టిక్కెట్లు చాలా ముందుగానే అయిపోతాయి. అది దొరకలేదని చింతించనక్కరలేదు. మామూలు పెట్టెలో కిటికీ పక్కన కూర్చున్నా అవే లోయలు కనిపిస్తాయి, గాలి అదనం.

బొర్రా గుహలు

రైలులో వచ్చేవారు బొర్రా గుహలు స్టేషన్‌లో దిగవచ్చు. అయితే అక్కడి నుంచి అరకుకు జీపు మాట్లాడుకోవలసి ఉంటుంది. నేరుగా అరకు వెళ్లి, తిరుగు ప్రయాణంలో రోడ్డు మార్గాన గుహలు చూడటం కుటుంబాలకు సులువు.

ఇవి సున్నపురాతి గుహలు. గోస్తనీ నది నీరు వేల ఏళ్లుగా రాతిని కరిగించగా సుమారు 80 మీటర్ల లోతు వరకు ఏర్పడ్డాయి. పైకప్పు నుంచి జారే నీటి చుక్కలోని సున్నం గడ్డకట్టి కిందికి వేలాడే రాతి ఊడలుగా, నేల నుంచి పైకి లేచే దిబ్బలుగా మారింది. వీటి ఎదుగుదల ఏడాదికి మిల్లీమీటరులో కొద్దిపాటి భాగమే. చేతి జిడ్డు అంటితే ఆ ఎదుగుదల కూడా ఆగిపోతుంది కనుక పిల్లలను ముట్టుకోనివ్వరాదు. లోపల శివలింగాకృతి ఉంది. మహాశివరాత్రికి చుట్టుపక్కల గిరిజన గూడేల నుంచి జనం తరలివస్తారు. కోటప్పకొండ తిరునాళ్ల చూసినవారికి ఇక్కడి సందడి చిన్నదిగా తోచవచ్చు, కానీ దాని నిరాడంబరత వేరు. మేత మేస్తూ ఒక ఆవు గుహ కంతలో పడిపోగా, దానిని వెతుకుతూ వెళ్లిన పశువుల కాపరికి లింగం కనిపించిందని స్థానిక కథ. గోస్తనీ అంటే ఆవు పొదుగు. ఈ నదే దిగువకు ప్రవహించి భీమునిపట్నం వద్ద సముద్రంలో కలుస్తుంది.

మెట్లు ఎక్కువ, నేల తడిగా ఉంటుంది. మోకాళ్ల నొప్పులు, ఆయాసం ఉన్న పెద్దలు మొదటి విశాలమైన గది వరకు చూసి వెనుదిరిగినా లోటు లేదు. బయట కోతుల బెడద ఉంది. చేతిలో తినుబండారాల సంచి కనిపిస్తే లాగేసుకుంటాయి.

లోయలో పిల్లలకు కాలక్షేపం

అరకులోని గిరిజన మ్యూజియంలో కొండజాతుల ఇళ్లు, వేట, వివాహం, సంత వంటి దృశ్యాలను నిలువెత్తు బొమ్మలతో చూపారు. ఒక గంట కేటాయించి తీరాలి. దీనిని ముందు చూసి తరువాత ఊళ్లు తిరిగితే పిల్లలు చూసేదేమిటో గ్రహిస్తారు. ఊరికి దగ్గరలోనే ఉన్న పద్మాపురం తోట రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సైనికులకు కూరగాయలు పండించేందుకు ఏర్పడింది. ఇప్పుడు గులాబీలు, చిట్టి రైలు, చెట్లపై కట్టిన గుడిసెలు పిల్లలను ఆకట్టుకుంటున్నాయి. అరకు నుంచి పాడేరు వెళ్లే దారిలో ఉన్న చాపరాయి వద్ద వెడల్పాటి బండల మీదుగా వాగు జారుతుంది. సుంకరమెట్ట పరిసరాల్లో సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, ఆ చెట్లకు అల్లుకుని మిరియాల తీగ కనిపిస్తాయి.

అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. అంతకు రెండేళ్ల ముందే, 2017లో, ఇక్కడి గిరిజన రైతుల కాఫీని అమ్మే దుకాణం పారిస్‌లో తెరుచుకుంది. ఆంధ్రా పారిస్‌గా పేరొందిన తెనాలి వారు అసలు పారిస్ చేరిన పంటను చెట్టు దగ్గరే చూడవచ్చునన్న మాట.

వలిసె చేలో ఫొటోలు దిగేవారు గట్టు మీద నిలబడటం ధర్మం. అది నూనె గింజల పంట. తొక్కితే నష్టపోయేది రైతే. మినుము చేను తొక్కితే డెల్టా రైతు ఎంత బాధపడతాడో వీరూ అంతే. కొందరు రైతులు చేలోకి దిగినందుకు కొద్ది రుసుము అడుగుతున్నారు. బేరమాడకుండా చెల్లించడమే న్యాయం. థింసా నృత్యం చేసే మహిళలను అనుమతి లేకుండా ఫొటోలు తీయడం కూడా సరికాదు.

నీటి వద్ద, మలుపుల వద్ద

సూర్యలంకలో మోకాలి లోతు నీరే క్షణంలో మనిషిని లాగివేయగలదని బాపట్ల వారికి వేరుగా చెప్పనక్కరలేదు. కొండ వాగులూ నమ్మదగినవి కావు. చాపరాయి బండలపై నాచు కంటికి కనిపించదు. పైన కొండల్లో వాన కురిస్తే కింద ఎండ కాస్తుండగానే ప్రవాహం పెరుగుతుంది. నీరు రంగు మారినా, చెత్తాకులు కొట్టుకువస్తున్నా వెంటనే ఒడ్డుకు రావాలి. బొర్రాకు సమీపంలోని కటికి జలపాతానికి దారి గతుకులమయం, జీపు దిగాక నడక కూడా ఉంది. చంటిపిల్లలతో వెళ్లేవారు దీనిని మానుకోవడం ఉత్తమం.

ఘాట్ రోడ్డు విషయంలో మరింత జాగ్రత్త అవసరం. 2021 ఫిబ్రవరిలో అనంతగిరి మండలం డముకు సమీపంలో హైదరాబాద్ యాత్రికుల బస్సు చీకటి పడ్డాక లోయలో పడి ప్రాణనష్టం జరిగింది. చదునైన డెల్టా రోడ్లకు అలవాటుపడిన డ్రైవర్లు దిగేటప్పుడు బ్రేకు మీదనే కాలు ఉంచుతారు. అలా చేస్తే బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి. ఎక్కడానికి వాడిన గేరులోనే దిగాలి. ఈ అనుభవం లేనివారు సొంత కారును విశాఖలో ఉంచి, స్థానిక డ్రైవరును మాట్లాడుకోవడంలో చిన్నతనమేమీ లేదు. సాయంత్రం నాలుగు గంటలకల్లా ఘాట్ దిగడం మొదలుపెట్టాలి. కడుపు నిండా తిని మలుపుల్లో ప్రయాణిస్తే పిల్లలకు వాంతులు తప్పవు. ఏజెన్సీలో మలేరియా ముప్పు ఉన్నందున నిండు చేతుల దుస్తులు, దోమల మందు వెంట ఉండాలి.

స్థలం కొనే ఆలోచన వద్దు

రెండు రోజులు గడిపేసరికి ఇక్కడ కాస్త స్థలం కొంటే ఎలా ఉంటుందన్న ఆలోచన డెల్టా వారికి కలగడం సహజం. అరకులోయ షెడ్యూల్డు ప్రాంతం. 1/70గా పేరొందిన 1970 నాటి సవరణ ప్రకారం ఇక్కడి భూమి గిరిజనేతరులకు బదిలీ కాదు, గిరిజనేతరుల మధ్య అమ్మకాలు కూడా చెల్లవు. ఎవరు ఏ కాగితం చూపినా సొమ్ము పోగొట్టుకోవడమే. బొర్రా పంచాయతీ పరిసరాల్లోని గనుల లీజులపై నడిచిన సమత కేసులో సుప్రీంకోర్టు 1997లో ఇచ్చిన తీర్పు దేశవ్యాప్తంగా గిరిజన భూముల రక్షణకు ఆధారమయింది. గుహలు చూడవచ్చిన వారిలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో అనుమానమే.

భూమికి బదులు ఇక్కడి మనుషుల వద్ద కొనదగినవి ఎన్నో ఉన్నాయి. కాఫీ పొడి, మిరియాలు, పసుపు, అడవి తేనె, రాజ్‌మా చిక్కుడు గింజలు వారపు సంతల్లో గిరిజనుల వద్దనే దొరుకుతాయి. వెదురు బొంగులో కాల్చిన కోడిమాంసం రోడ్డు పక్కనే అమ్ముతారు. మసాలా తక్కువ కనుక పిల్లలూ తినగలరు.

బస, తిరుగు ప్రయాణం

అరకు, అనంతగిరి, టైడాలలో పర్యాటక సంస్థ అతిథిగృహాలు, అరకులో ప్రైవేటు హోటళ్లు ఉన్నాయి. గది ఖరారు కాకుండా సంక్రాంతి, దసరా రోజుల్లో కొండ ఎక్కరాదు. పాలనాపరంగా ఈ ప్రాంతం 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. బాపట్ల జిల్లా ఏర్పడినదీ అదే రోజున.

మొదటి రోజు రైలులో ఎక్కి మ్యూజియం, పద్మాపురం తోట చూసి రాత్రి అక్కడే విశ్రమించాలి. రెండో రోజు తెల్లవారకముందే లేచి మంచు చూసి, చాపరాయి వెళ్లివచ్చి, సుంకరమెట్ట, గాలికొండ, అనంతగిరి మీదుగా బొర్రా చేరితే మధ్యాహ్నం అవుతుంది. వెలుతురు ఉండగానే శృంగవరపుకోట దాటితే రాత్రి రైలుకు విశాఖలో కావలసినంత వ్యవధి ఉంటుంది. తెనాలి, బాపట్ల వారు తెల్లవారేసరికి ఇళ్లు చేరవచ్చు. రేపల్లె వారు తెనాలిలో ఉదయపు రైలు వేళను ముందే చూసుకుని టిక్కెట్లు తీసుకుంటే స్టేషన్‌లో పడిగాపులు ఉండవు.