పావులూరి చదరంగ సంఖ్య – పాఠనిర్ణయము

నల్లగొండ, పాలమూరు సీమల శాసనములను, తాళపత్రములను పరిశీలించువారికి సంఖ్యల పాఠనిర్ణయము తఱచు ఎదురగు సమస్య. అంకెలకు బదులు పదములను వాడు భూతసంఖ్యా పద్ధతిలో ఒక్క అక్షరము మాఱినను సంఖ్య మాఱును. అట్టిచోట సంఖ్యయొక్క గుణములే పరిష్కర్తకు తోడ్పడగలవు. ఇందుకు పావులూరి మల్లన పేర ప్రసిద్ధమైన చదరంగ పద్యమును ఉదాహరణముగా గైకొనుచున్నాము.

రాష్ట్రకూట అమోఘవర్షుని కాలమున, క్రీ.శ. 9వ శతాబ్దిలో, మహావీరాచార్యుడు సంస్కృతమున గణితసారసంగ్రహమును రచించెను. దానిని తెనిగించినవాడు మల్లన. ఆతడు 11వ శతాబ్దివాడని పలువురి మతము. చదరంగపు 64 గడులలో మొదటిదానికి ఒకటి, పిదప గడిగడికి రెట్టింపుగా నుంచినచో వచ్చు మొత్తమును ఈ పద్యము చెప్పును. భూతసంఖ్యలలో ఒకట్ల స్థానము ముందు వచ్చును గనుక పదములను కుడినుండి యెడమకు అంకెలుగా వ్రాసికొనవలెను. అప్పుడు ఏర్పడునది 18446744073709551615. రెండును ఆఱుమారులు వరుసగా వర్గించి ఒకటి తీసివేసినను ఇదియే వచ్చును.

ఈ యిరువది అంకెల సంఖ్యకు ప్రధాన భాజకములు ఏడు: 3, 5, 17, 257, 641, 65537, 6700417. వీనిలో 641, 6700417 అనువాని లబ్ధము 4294967297. ఇది ప్రధానసంఖ్యయని ఫెర్మా తలచెను. కాదని 1732లో ఆయిలరు నిరూపించెను.

ఇక పాఠవిషయము. అబ్ధి యనగా 4, అద్రి యనగా 7. రెండును గురులఘువులే, ఒకదాని స్థానమున మఱియొకటి వ్రాసినను గణభంగము కలుగదు. కుడినుండి 13వ అంకెయగు 4 ఇట్లు 7 అయినచో మొత్తము మూడులక్షల కోట్లు పెరుగును. అయినను 3 చేతను, 5 చేతను ఆ తప్పుడు సంఖ్యయు నిశ్శేషముగా భాగింపబడును. 17 చేత మాత్రము భాగింపబడదు. ఏ యొక్క అంకె తప్పినను, పొరుగున నున్న రెండు భిన్నాంకములు తారుమారైనను 17 పట్టియిచ్చును. ఛందస్సు విడిచిన తప్పును గణితము పట్టుకొనుచున్నదన్నమాట.

అయితే ఈ పరీక్షకు ఒక హద్దు కలదు. పాఠము శుద్ధమని అది చెప్పును గాని, పద్యకర్త ఎవరో, కాలమెప్పుడో చెప్పజాలదు. క్రీ.శ. 1000 ప్రాంతమున అల్ బిరూనీయు ఈ సంఖ్యనే యిచ్చియున్నాడు. లెక్క సరియైనంత మాత్రమున కర్తృత్వము సిద్ధింపదు.

శకవర్షములకు ఇట్టి భాజకములు లేవు. వానికి తిథివారములే సాక్షులు. పదుల స్థానమున 4 అనుటకు 7 అని చదివినచో శాసనకాలము ముప్పదియేండ్లు జరుగును. ఒక రాజు శాసనము వేఱొక రాజునకు చెల్లవచ్చును. కావున పానుగల్లు, ఆలంపురము శాసనములను చదువు పరిశోధక విద్యార్థి పదమునకు అర్థము వ్రాసికొని ఊరకుండక, సంఖ్యను దాని సాక్షులతో సరిచూడవలెనని మా అభిప్రాయము.