కజిన్సు పత్రికావృత్తియు మదనపల్లెయు
ఐర్లండు కవియగు జేమ్సు హెన్రీ కజిన్సు 1915 లో అనీబిసెంటు ఆహ్వానముపై మద్రాసునకు వచ్చి, ఆమె నడపుచుండిన ‘న్యూ ఇండియా’ దినపత్రికయందు సాహిత్యవిభాగమునకు ఉపసంపాదకుఁడయ్యెను. 1916 లో డబ్లిను నగరమునఁ జెలరేఁగిన తిరుగుబాటును గొనియాడుచు నాతఁడొక వ్యాసము ప్రకటింపఁగా, బిసెంటమ్మ యాతనిని గొలువునుండి తొలఁగింపవలసివచ్చెను. పిదప నాతఁడు మదనపల్లె దివ్యజ్ఞానకళాశాలయం దధ్యాపకుఁడయ్యెను. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథుఁ డచ్చట నతిథియైయుండి ‘జనగణమన’ గీతము నాంగ్లీకరించెను. కజిన్సు భార్య మార్గరెటు దానికి స్వరలిపిఁ గూర్చెను. ఆ గీతమే 1950 లో జాతీయగీత మయ్యెను. ఈ కడపటి ఘట్టమే లోకమునఁ దఱచుగా వినఁబడును. కొలువు పోఁగొట్టి కజిన్సును మదనపల్లెకుఁ జేర్చిన యా పత్రికావ్యాసమును గూడ స్మరింపనిదే యీ చరిత్రము పూర్ణము గానేరదు.