రాక్షసి బొగ్గు వెడలిన త్రోవ

కట్టెల నుండి బొగ్గునకు, బొగ్గు నుండి సహజవాయువునకు, గాలికి, ఎండకు మానవుడు మారుచుండుట మన కన్నులయెదుట సాగుచున్న చరిత్ర. కాని ఒక ఇంధనమును విడిచి మరియొక దానిని చేపట్టుట ఊరక జరుగదు. ఆ వ్యయమును ఎవరో యొకరు భరింపవలసి యుండును. బ్రిటను దేశమున ఆ భారమును ఎవరు మోసిరో శ్రోతలకు విన్నవింపదలచితిమి.

16వ శతాబ్దమున లండను నగరమునకు కట్టెలు కరవై, న్యూకాసిల్ నుండి ఓడలలో నేలబొగ్గు విరివిగా రాసాగెను. మనవారు దానిని రాక్షసి బొగ్గు అనిరి. పేరునకు తగినట్లే అది పొగ గ్రక్కినది. 1661లోనే జాన్ ఎవెలిన్ అను పండితుడు ఈ పొగను గర్హించుచు ఒక గ్రంథము వ్రాసి రెండవ చార్లెస్ రాజునకు సమర్పించెను. పొగ మాత్రము తగ్గలేదు. ఏలయన, ఆ చలిదేశమున పేదవానికి బొగ్గుపొయ్యియే ప్రాణాధారము. 1882లో లండనులోని హోబన్ వయాడక్టు వద్ద ఎడిసన్ కేంద్రము బొగ్గుతో విద్యుత్తును పుట్టించి ప్రజలకు అందించినది. నాటి నుండి దీపమునకును బొగ్గే దిక్కైనది. 1913 నాటికి బ్రిటిషు గనులలో పది లక్షలకు పైగా కార్మికులు పనిచేయుచుండిరి.

1952 డిసెంబరు 5 నుండి 9 వరకు పొగమంచు లండనును కప్పివేసినది. సుమారు 4,000 మంది మరణించిరని నాటి లెక్క. 12,000 వరకు ఉండవచ్చునని తరువాతి పరిశోధకుల అంచనా. ఫలితముగా 1956లో పరిశుభ్ర వాయు శాసనము వచ్చినది. అందు మేము గమనింపదగినదిగా తలచునది నిషేధము కాదు. పొగ నిషిద్ధమైన ప్రాంతములలో ఇంటి పొయ్యిని మార్చుకొనుటకు అగు వ్యయములో పదింట ఏడు వంతులు తిరిగి చెల్లించు ఏర్పాటు ఆ శాసనమున కలదు. 1967 నుండి పదేండ్లపాటు ఉత్తర సముద్రపు వాయువును ఇంటింటికి చేర్చినప్పుడును ఇదే పద్ధతి. సిబ్బంది గడపగడపకు వెళ్లి, పాత పొయ్యిలను ఉచితముగా మార్చి యిచ్చిరి. అందుచేతనే ప్రజలు ఆ మార్పును అంగీకరించిరి.

గనికార్మికుల విషయమున ఇట్లు జరుగలేదు. గనుల మూతకు ముఖ్యకారణము పొగ కాదు, ధర. మూసివేతలను ఎదిరించుచు 1984 మార్చిలో ఆరంభమైన సమ్మె సంవత్సరకాలము సాగి విఫలమైనది. గని మూతపడిన పల్లెలో జీతముతోపాటు అంగడి, సంఘము, యువకుల ఆశ కూడ సన్నగిల్లినవి. పొయ్యికి పదింట ఏడు వంతులిచ్చిన దేశము పల్లెకు అంతటి ఆదరువు చూపలేకపోయినది. 2015 డిసెంబరులో కెల్లింగ్లీ వద్ద చివరి లోతుగని మూతపడెను.

తరువాతి నడక వడిగా సాగినది. 2012లో బ్రిటను విద్యుత్తులో ఇంచుమించు 40 శాతము బొగ్గుదే. కర్బనముపై పన్ను, సముద్రమున వెలసిన గాలిమరలు, సహజవాయువు కలిసి దానిని వెనుకకు నెట్టినవి. 2017 ఏప్రిల్ 21న, 1882 తరువాత మొదటిసారిగా, ఆ దేశము ఒక దినమంతయు బొగ్గువిద్యుత్తు లేకుండ గడిపినది. 2024 సెప్టెంబరు 30న రాట్‌క్లిఫ్ కేంద్రము ఆగిపోవుటతో 142 ఏండ్ల కథ ముగిసినది.

చిక్కులు మాత్రము ముగియలేదు. గాలి మన గడియారమునుబట్టి వీచదు. ఎండ రాత్రి కాయదు. మిగులు విద్యుత్తుతో నీటిని పైకి తోడి, కావలసినప్పుడు క్రిందికి విడుచుట ఒక ఉపాయము. వేల్సులో 1984 నుండి డినార్విగ్ కేంద్రము ఇట్లే పనిచేయుచున్నది. మన శ్రీశైలము, నాగార్జునసాగరములందును ఇట్టి తిరుగుడు యంత్రములు కలవు. యంత్రముల చిక్కును యంత్రజ్ఞులు తీర్పగలరు.

మనుష్యుల చిక్కు వేరు. 1871లో విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతమున బొగ్గును గుర్తించిన పిమ్మట, గోదావరి లోయలో సింగరేణి గనులను ఆధారము చేసికొని పట్టణములే వెలసినవి. నేడు ఆ సంస్థయే సౌరవిద్యుత్కేంద్రములను నెలకొల్పుచున్నది, సంతోషము. కాని సౌరఫలకములను కాచుటకు గనికి కావలసినంతమంది అక్కరలేదు. కొత్తగూడెము, మందమర్రి బిడ్డలు ఏ పని నేర్చుకొనవలెను, ఏ పరిశ్రమ వారి యూరికి రావలెను అను ఆలోచన గనులు సాగుచున్న దినములలోనే జరుగవలెను. మూసిన తరువాత చేసిన ఆలోచన బ్రిటిషు పల్లెలను ఆదుకొనలేదు.