ఆటిజం, ఏడీహెచ్‌డీ, మేధో వైకల్యం: గుడిబండ నుంచి ప్రభుత్వ సైకాలజీ సేవలు పొందాలంటే ఎటు వెళ్లాలి?

గుడిబండలో ఉన్న మీ అన్న కొడుక్కి నాలుగేళ్లు. పిలిస్తే పలకడు, మాటలు రాలేదు. 'ఎక్కడ చూపించాలి?' అని హిందూపురంలోనో బెంగళూరులోనో ఉన్న మిమ్మల్ని ఇంట్లోవాళ్లు అడిగారు. ఫోన్‌లో వెతికితే ప్రైవేటు థెరపీ సెంటర్ల పేర్లే కనిపించాయి. మరి ప్రభుత్వం తరఫున ఏమీ లేదా?

ఉంది. కాకపోతే 'సైకాలజీ పథకం' అని ఒకే పేరుతో లేదు. వైద్యారోగ్య శాఖ, విద్యాశాఖ, దివ్యాంగుల సంక్షేమ శాఖల మధ్య విడిపోయి ఉంది. ఎటు వెళ్లాలో తెలియక చాలామంది ముందు సదరం సర్టిఫికెట్ కోసం తిరుగుతారు. ఈలోపు పిల్లల విలువైన నెలలు గడిచిపోతాయి. అందుకే మొదట గుర్తుంచుకోవాల్సిన మాట: పరీక్షలు, సాయం మొదలవడానికి సర్టిఫికెట్ అక్కర్లేదు.

ముందుగా ఒక ఫోన్ కాల్

టెలీ మానస్ నంబరు 14416. కేంద్రం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన ఉచిత మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఇది. 24 గంటలూ పనిచేస్తుంది. తెలుగుతో పాటు కన్నడంలోనూ మాట్లాడొచ్చు. వైకల్యం ఉన్నవాళ్లే కాదు, వాళ్లను చూసుకుంటూ అలిసిపోయిన తల్లిదండ్రులూ చేయొచ్చు. ఆటిజం ఉందో లేదో ఫోన్‌లో తేల్చరు. కానీ మీ పరిస్థితి విని, అవసరమైతే నిపుణులకు కలుపుతారు, ఎక్కడ చూపించాలో చెబుతారు.

18 ఏళ్లలోపు పిల్లలకు

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం (ఆర్‌బీఎస్‌కే) 2013 నుంచి అమల్లో ఉంది. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లల్లో పుట్టుకతో వచ్చిన లోపాలు, జబ్బులు, పోషక లోపాలు, ఎదుగుదలలో ఆలస్యాలను అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బడుల్లో గుర్తించడం దీని పని. పిల్లాడు అంగన్‌వాడీకి వెళ్లకపోయినా ఫర్వాలేదు. ఆశా కార్యకర్తకు గానీ, ఏఎన్‌ఎంకు గానీ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుకు గానీ చెప్పి రిఫరల్ చీటీ అడగండి.

ఆ చీటీతో వెళ్లాల్సింది డీఈఐసీకి. అంటే జిల్లా సత్వర చికిత్సా కేంద్రం. పిల్లల డాక్టరు, సైకాలజిస్టు, స్పీచ్ థెరపిస్టు, ఫిజియోథెరపిస్టు, స్పెషల్ ఎడ్యుకేటర్ ఒకే చోట ఉండాలన్నది దీని ఉద్దేశం. ఏ ఊరి కేంద్రానికి, ఏ రోజు వెళ్లాలో చీటీ మీదే రాయించుకోండి. బయల్దేరే ముందు సైకాలజిస్టు ఉన్నారో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. ఒక రోజు కూలి వదులుకుని బస్సెక్కే కుటుంబానికి ఆ ఒక్క కాల్ చాలా మిగులుస్తుంది.

ఒక విషయం ముందే తెలుసుకోండి. ప్రతి వారం గంటసేపు కౌన్సెలింగ్ అక్కడ దొరకడం కష్టం. ఎక్కువగా దొరికేది పరీక్ష, నివేదిక, తల్లిదండ్రులకు శిక్షణ. కాబట్టి వచ్చేటప్పుడు 'ఇంట్లో రోజూ ఏం చేయించాలి?' అని అడిగి రాయించుకోండి. చేసి చూపించమని అడిగి ఫోన్‌లో వీడియో తీసుకోవచ్చా అనండి.

బడిలో ఎవరిని అడగాలి?

సమగ్ర శిక్షా కింద ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో భవిత కేంద్రాలు, సహిత విద్య రిసోర్సు టీచర్లు ఉన్నారు. బడికి రాలేని పిల్లలకు ఇంటి దగ్గరే బోధించే ఏర్పాటు కూడా ఇందులో భాగం. హెడ్మాస్టరును గానీ, మండల విద్యాధికారి (ఎంఈఓ) కార్యాలయంలో గానీ అడగండి. పరీక్షల్లో అదనపు సమయం, స్క్రైబ్ కావాలంటే పదో తరగతి దాకా ఆగకుండా ఇక్కడే మొదలుపెట్టాలి.

పెద్దవాళ్లయితే?

జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం (డీఎంహెచ్‌పీ), ప్రభుత్వ ఆసుపత్రుల సైకియాట్రీ ఓపీ మీ దారి. హిందూపురంలోని ప్రభుత్వ జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యులు ఏ రోజుల్లో చూస్తారో కనుక్కోండి. లేదంటే అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం-2017 ప్రకారం ప్రభుత్వం నడిపే లేదా నిధులిచ్చే సేవలు పొందడం మీ హక్కు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి చికిత్స ఉచితం. రేషన్ కార్డు లేకపోయినా నిరాశ్రయులకు ఇదే వర్తిస్తుంది.

గుడిబండ వైపు వారికి బెంగళూరులోని నిమ్హాన్స్ కూడా అందుబాటులో ఉన్నదే. జాతీయ సంస్థ కాబట్టి ఏ రాష్ట్రం వారైనా వెళ్లొచ్చు. మేధో వైకల్యానికి ప్రత్యేకంగా సికింద్రాబాద్‌లో 1984లో ఏర్పడిన నీపిడ్, దాని పరిధిలోని నెల్లూరు సీఆర్‌సీ ఉన్నాయి.

ఇంట్లో కన్నడం, బడిలో తెలుగు

గుడిబండ, రొళ్ల, అగళి, అమరాపురం, మడకశిర మండలాల్లో చాలా ఇళ్లలో కన్నడమే మాట్లాడతారు. ఐక్యూ, చదవడం-రాయడం పరీక్షలు పిల్లలకు బాగా వచ్చిన భాషలో జరగాలి. రాని భాషలో అడిగితే చురుకైన పిల్లలకూ మార్కులు తగ్గుతాయి. ఇంటి భాష, బడి భాష ఏవో సైకాలజిస్టుకు మొదటే చెప్పండి. నివేదికలో ఏ భాషలో పరీక్షించారో రాయమనండి.

సర్టిఫికెట్ ఎప్పుడు అవసరం?

పింఛను, బస్సు పాసు, రిజర్వేషన్ లాంటి వాటికి కావాలి. దివ్యాంగుల హక్కుల చట్టం-2016 గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం, మేధో వైకల్యం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం, మానసిక అనారోగ్యం ఉన్నాయి. ఏడీహెచ్‌డీ ఆ జాబితాలో విడిగా లేదు. అయితే దాని చికిత్సకు అదేమీ అడ్డు కాదు.

గ్రామ, వార్డు సచివాలయంలో గానీ, మీసేవలో గానీ సదరం స్లాట్ బుక్ చేసుకోవాలి. యూడీఐడీ కార్డుకు స్వావలంబన్ పోర్టల్‌లో దరఖాస్తు చేయొచ్చు. 2022 ఏప్రిల్ 4 నుంచి గుడిబండ శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. ఆధార్‌లో ఇంకా అనంతపురం అనే ఉంటే ముందే సచివాలయంలో అడిగి సరిచేసుకోండి.

శిబిరానికి వెళ్లేటప్పుడు ఇవి దగ్గర పెట్టుకోండి:

- ఆధార్, రేషన్ కార్డు, ఫొటోలు
- ఆటిజమైతే ఐఎస్ఏఏ నివేదిక, మేధో వైకల్యమైతే ఐక్యూ నివేదిక
- ఇప్పటిదాకా చూపించిన ఓపీ చీటీలు, మందుల చీటీలు
- అభ్యసన వైకల్యమైతే బడి నోట్‌బుక్కులు, మార్కుల కార్డులు

వైకల్యం 40 శాతం లేదా అంతకు మించి ఉంటేనే చాలా ప్రయోజనాలు వర్తిస్తాయి. చిన్న పిల్లలకు తాత్కాలిక సర్టిఫికెట్ ఇవ్వొచ్చు. గడువు తేదీ చూసుకుని అంతకు ముందే మళ్లీ స్లాట్ తీసుకోండి. శాతం తక్కువ వేశారనిపిస్తే చట్టంలోని సెక్షన్ 59 కింద అప్పీలుకు వెళ్లొచ్చు.

థెరపీ ఖర్చుకు బీమా

ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలున్నవారికి నేషనల్ ట్రస్ట్ నిర్వహించే నిరామయ పథకంలో రూ.లక్ష వరకు ఆరోగ్య బీమా ఉంటుంది. ఓపీ ఖర్చులు, థెరపీ కూడా ఇందులోకి వస్తాయి. వయసు పరిమితి లేదు. దీనికి మాత్రం వైకల్య సర్టిఫికెట్ తప్పనిసరి. ట్రస్ట్‌లో నమోదైన సంస్థల ద్వారా చేరాలి, ఏటా పునరుద్ధరించుకోవాలి.

ప్రైవేటుకు వెళ్లక తప్పకపోతే, ఆ క్లినికల్ సైకాలజిస్టుకు భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో అడగండి. అడగడంలో తప్పేమీ లేదు.

ఇక ఈ వారంలో మీరు చేయాల్సినవి రెండే. 14416కి ఒక కాల్, ఏఎన్‌ఎం దగ్గర ఒక రిఫరల్ చీటీ. సదరం స్లాట్ వచ్చేదాకా ఆగకండి. పిల్లాడి వయసు ఆగదు.