ట్రెక్కింగ్ నీటి ఫిల్టర్ (శేషాచలం కొండలు)

ట్రెక్కింగ్ నీటి ఫిల్టర్: వాగులు, మడుగుల నీటిని వడకట్టి తాగడానికి వీలుగా చేసే, సంచిలో పట్టే చిన్న సాధనం. 2010లో బయోస్ఫియర్ రిజర్వుగా ప్రకటించిన శేషాచలం అడవుల్లో, తలకోన, తుంబురు తీర్థం దారుల్లో, అలాగే నాగలాపురం కొండల్లో నడిచేవారికి ఇది ఎంతో అవసరం. కొండ నీరు అద్దంలా తేటగా కనిపించినా, పై మడుగులో జంతువులు దిగి ఉండవచ్చు, మనుషులు స్నానం చేసి ఉండవచ్చు.

ఎంపిక: సన్నని గొట్టాల్లాంటి పోగులతో చేసిన 0.1 మైక్రాన్ ఫిల్టర్ తేలిగ్గా ఉంటుంది. బాక్టీరియాను, జియార్డియా వంటి పరాన్నజీవులను ఆపుతుంది. వైరస్‌లు అంతకంటే చిన్నవి కాబట్టి ఫిల్టర్ దాటిపోగలవు. అందుకే జనం తాకిడి ఉన్న చోట వడకట్టాక క్లోరిన్ బిళ్ల వేసి, కనీసం అరగంట ఆగి తాగాలి. మరిగించడమూ మంచి పద్ధతే గానీ, ఎండాకాలం అడవిలో నిప్పు ప్రమాదకరం. రాయలసీమ బోరు నీళ్లలో కొన్నిచోట్ల ఉండే ఫ్లోరైడ్‌ను ఈ ఫిల్టర్లు తీయలేవు.

వాడకం: పారే నీటినే పట్టుకోవాలి. వానల తర్వాత ఎర్రగా వచ్చే నీటిని కాసేపు తేరనిచ్చి, నాలుగు మడతల పంచె గుడ్డతో వడగట్టి, ఆపై సంచిలో నింపి ఫిల్టర్ గుండా పిండాలి. మురికి నీటి సంచి, మంచి నీటి సీసా వేరువేరుగా ఉంచాలి.

సంరక్షణ: ధార సన్నబడితే సిరంజితో మంచినీళ్లు వెనుక నుంచి ఎక్కించి కడగాలి. ఆరబెట్టి దాచాలి.