గుండ్రము తప్పిన అంచు

కొయ్యతో గిన్నె చేయుటకు రెండు మార్గములు కలవు. బాడిసెతోను ఉలితోను దుంగను తొలుచుట ఒకటి. దుంగను ఇరుసుమీద త్రిప్పుచు, దానికి ఉలి ఆనించి చెక్కుట రెండవది. ఈ త్రిప్పెడి సాధనమును మనవారు తరిణె అనిరి. నేటి కర్మాగారములలో దానినే లేతు అందురు. మన పాతయిండ్ల వంటశాలలలోని కొయ్యమరిగె మొదటి జాతికి చెందినది. పిల్లలు బొమ్మలయాటలో వంట వండెడి లక్కపిడత రెండవ జాతిది. ఈ రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. మరిగె అంచు కోలగా ఉండవచ్చును, నలుపలకలుగా ఉండవచ్చును, ఒక ప్రక్కన పిడియే మిగిలి ఉండవచ్చును. లక్కపిడత అంచు మాత్రము గుండ్రముగానే ఉండును. తరిణె పనివానికి వేగము నిచ్చినది. అందులకు వెలగా అంచుమీద అతనికిగల స్వేచ్ఛను పుచ్చుకొన్నది. ఆ స్వేచ్ఛను మరల చేజిక్కించుకొనుటకు మనుష్యులు పడిన పాట్లను గూర్చి మేమిప్పుడు ముచ్చటింపనెంచితిమి.

ప్రాచీనమైన తరిణె చిత్రములలో ప్రసిద్ధమైనది ఈజిప్టు దేశమున పెటోసిరిస్ అను పూజారి సమాధి గోడమీద ఉన్నది. క్రీ. పూ. 300 ప్రాంతము నాటిది. అందులో ఒకడు పటకాను ముందు వెనుకలకు లాగుచున్నాడు; వేరొకడు పనిముట్టు పట్టుకొని ఉన్నాడు. తరువాతి కాలమున ఐరోపాలోని పనివారు ఆ లాగెడి మనుష్యుని పని ఒక కొమ్మకు అప్పగించిరి. పైన వంగెడి కొమ్మ, క్రింద కాలిపలక, నడుమ త్రాడు. ఆ త్రాడు కొయ్యనంటిన ఇరుసుకు చుట్టుకొని ఉండును. కాలు నొక్కినపుడు కొయ్య పనివానివైపు తిరుగును, ఉలి కోయును. కాలు ఎత్తగనే కొమ్మ సాగి త్రాటిని వెనుకకు గుంజును. అప్పుడు ఉలి వెనుకకు తగ్గవలెను. కోత, విరామము, మరల కోత, మరల విరామము. ధ్వనితో బ్రదుకు మావంటివారికి ఈ యంత్రమును చూచుటకంటె వినుటయందే ఎక్కువ ఆసక్తి కలుగును.

ఈ సాధనముమీద పుట్టిన గిన్నెలు కొన్ని శతాబ్దములపాటు ఐరోపాలో సామాన్యుల భోజనపాత్రలు. 1545లో మునిగిపోయిన మేరీ రోజ్ అను ఆంగ్ల యుద్ధనౌకను 1982లో సముద్రమునుండి పైకెత్తిరి. ఆ నావికులు తినిన కొయ్యగిన్నెలును తట్టలును అందు దొరికినవి. అవి తరిణెపై చేసినవే.

అయితే తరిణె శాసించిన గుండ్రమును మొదట ధిక్కరించినది మనుష్యుడు కాదు, కొయ్యయే. కొమ్మతరిణె పనివారు ఎండిన కొయ్యను వాడెడివారు కారు. అప్పుడే నరికిన పచ్చిదుంగ మెత్తగా కోతకు లొంగును. పచ్చికొయ్య ఆరునపుడు నార పొడవున దాదాపు ఏమియు ముడుచుకొనదు. నారకు అడ్డముగా మాత్రము చాల జాతులలో నూటికి 5 మొదలు 10 వంతుల వరకు ముడుచుకొనును. గిన్నెలో నార ఒక ప్రక్కనుండి రెండవ ప్రక్కకు సాగును గనుక, చంద్రబింబమువలె గుండ్రముగా దిగిన పాత్ర కొలది వారములలో కోలగా మారును. పాతగిన్నెలు వ్యాసము రెండువైపుల రెండు కొలతలుగా ఉండుటకు ఇదియే కారణము. దీనిని దోషమనుటకు మాకు మనసొప్పదు. రెండుచేతులతో ఎత్తి త్రాగువానికి కోలగా ఉన్న గిన్నెయే అనుకూలము.

కావలెనని గుండ్రమును తప్పించిన ఘనత రాజులయిండ్లది. 1553 మొదలు 1586 వరకు సాక్సనీని ఏలిన ఆగస్టు ప్రభువు తానే తరిణె ముందు కూర్చుండి ఏనుగుదంతమును మలచెడివాడు. రష్యా చక్రవర్తి మహా పీటరునకు ఈ పనిపై వ్యామోహము మెండు. వారికొరకు యంత్రజ్ఞులు కల్పించిన ఉపాయము మెచ్చదగినది. ఇరుసుకు పూరేకులవలె అంచు తీర్చిన లోహపుబిళ్ళ నొకదానిని బిగించి, దానిని ఒక మొనకు ఒరయునట్లు అమర్చిరి. బిళ్ళ తిరిగినకొలది ఇరుసు మొత్తము ప్రక్కలకు ఊగును. ఉలి కదలదు, పనియే ఉలిదగ్గరకు వచ్చి, తొలగి, మరల వచ్చును. బిళ్ళకు ఎనిమిది రేకులున్నచో పాత్ర అంచుకును ఎనిమిది రేకులు తేలును. పాత్రను కోలగా త్రిప్పుటకు వేరే అమరిక ఉండెను.

ఈ రహస్యములను బొమ్మలతో సహా లోకమునకు వెల్లడించినది 1701లో లియోన్ నగరమున అచ్చయిన ఒక గ్రంథము. దాని కర్త చార్లెస్ ప్లుమియే అను క్రైస్తవ సన్యాసి. ఆయన వృక్షశాస్త్రవేత్త కూడ. మన దేవాలయముల ఆవరణలలో తెల్లని పూవులు రాల్చెడి దేవగన్నేరు ఉన్నది కదా, దాని శాస్త్రీయనామమైన ప్లుమేరియా ఈయన పేరిటనే ఏర్పడినది. తరిణెపై పూరేకుల అంచు తీర్చు విద్యను వివరించినవాని పేరు ఒక పూలచెట్టునకు అబ్బినందుకు మేము సంతోషింపకుండలేకపోతిమి. కాని ఈ పూరేకుల పాత్రలు అద్దాలబీరువాల కొరకు పుట్టినవే గాని అన్నము తినుటకు కాదు. పనివాని పూటకూటికి వీటివలన కలిగిన మేలు స్వల్పము.

ఆ పనివారి వరుసలో చివరివాడని పేరొందిన జార్జి లైలీ ఇంగ్లండులోని బర్క్‌షైరు మండలమున, బకల్‌బరీ అను చోట ఉండెడివాడు. 1869లో జన్మించెను. కొమ్మతరిణెమీద ఎల్మ్ అను చెట్టు కొయ్యతో గిన్నెలు చేసెను. కొక్కెమువంటి వంపు ఉలులతో ఒకే దుంగనుండి ఒకదానిలోనుండి ఒకటిగా అనేక గిన్నెలను ఊడదీయుట ఆతని నేర్పు. 1958లో, తన 89వ యేట మరణించెను. ఆ పని అందుకొన శిష్యుడెవ్వడును లేడు. తరిణెయు ఉలులును రెడింగు నగరములోని గ్రామీణజీవన ప్రదర్శనశాలకు చేరినవి. పనిముట్లు మిగిలినవి, వాటిని పట్టవలసిన కోణము, కాలి అదను ఆతనితోనే పోయినవి.

లైలీ అవసానదశలో ఉన్న ఆ దినములలోనే అమెరికాలో గిన్నె అంచునకు క్రొత్త చరిత్ర మొదలాయెను. అక్కడ తరిణె విద్యుత్తుతో తిరిగెను. చేసినవారు కుల వృత్తిగా వచ్చినవారు కారు. మెల్విన్ లిండ్‌క్విస్ట్ ఇంజనీరు. కాలిఫోర్నియాకు చెందిన బాబ్ స్టాక్స్‌డేల్ రెండవ ప్రపంచయుద్ధకాలమున ఆయుధము పట్టనని నిరాకరించి, అట్టివారి కొరకు ఏర్పరచిన శిబిరములో ఉండి తరిణెపని అభ్యసించెను. బెరడు చెక్కివేయక దానినే అంచుగా నిలిపిన తొలివారిలో వీరిని చెప్పుకొందురు. గిన్నె నోటిని దుంగ నడిమికి గాక బెరడువైపునకు త్రిప్పినచో అంచు చెట్టు ఒంటి వంపును అనుసరించి రెండు కొనల ఎత్తుగా, రెండు ప్రక్కల పల్లముగా లేచి దిగును. ఇందులో యంత్రకౌశలమేమియు లేదు. ఏమి తీసివేయరాదో ఎరుగుటయే ఉన్నది. చెట్టును చలికాలమున నరుకవలెను. వసంతమున రసమెక్కినపుడు నరికినచో బెరడు ఊడిపోవును.

నలుపలకల అంచు ఇంతకంటె సాహసము. చదరపు దిమ్మను గుండ్రముగా చేయకయే త్రిప్పుదురు. తిరుగునపుడు నాలుగు మూలలును కంటికి ఆనవు. వాటిచోట పొగవంటి నీడ మాత్రము కనబడును. ఉలి ఒక క్షణము కొయ్యను కోయును, మరుక్షణము గాలిని. చేయి తొందరపడి ఆ నీడలోనికి పోయినచో వ్రేళ్ళు దక్కవు. పని ముగిసి ఇరుసు ఆగినపుడే పనివాడు తన అంచును మొదటిసారి సరిగా చూడగలుగును.

ఇట్టి అంచులు మన యేటికొప్పాకలో ఏల పుట్టలేదని శ్రోతలు అడుగవచ్చును. వరాహనది ఒడ్డున అంకుడుకొయ్యను తరిణె పట్టెడి ఆ గ్రామమునకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. అక్కడి పనికి ప్రాణము లక్క. తిరుగుచున్న కొయ్యకు రంగులక్కను అదిమినపుడు రాపిడి వేడిమికే అది కరిగి పట్టుకొనును. పిమ్మట మొగలియాకుతో మెరుగు దిద్దుదురు. లక్క ఎడతెగక ఒరయవలెను. అంచు పలకలైనచో ఆ ఒరపిడి తెగిపోవును. కనుక అచటి గుండ్రము నేర్పు చాలక వచ్చినది కాదు, లక్క కోరినది.

లైలీ పనిముట్లు ప్రదర్శనశాలలో వ్యర్థముగా పడియుండలేదు. 1990 తరువాత రాబిన్ వుడ్ అను యువకుడు వాటిని పరిశీలించి, అటువంటివే సమకూర్చుకొని, గురువు లేకయే కొమ్మతరిణె విద్యను తిరిగి నేర్చెను. 2005లో కొయ్యగిన్నెల చరిత్రను గ్రంథముగా వెలువరించెను. ఆతడును పచ్చికొయ్యనే వాడెను. తరిణెనుండి గుండ్రముగా దిగిన ఆ గిన్నెలు ఆరినకొలది, మేరీ రోజ్ నావికుల నాటి గిన్నెలవలెనే, మెల్లగా కోలగా మారినవి.