దిబ్బ తీసిన చోట ఆఖరి బంతి

2024 జూన్ 6. మన మామిడికుదురులో అర్ధరాత్రి దాటింది. టెక్సాస్‌లోని గ్రాండ్ ప్రెయిరీలో మాత్రం పట్టపగలు, మాడ్చే ఎండ. టీ20 ప్రపంచకప్ మ్యాచ్. పాకిస్తాన్ బౌలర్ హారిస్ రౌఫ్ పరిగెత్తుకొస్తున్నాడు. ఆఖరి బంతి. పాకిస్తాన్‌ని ఓడించాలంటే అమెరికాకి అయిదు పరుగులు కావాలి. నితీశ్ కుమార్ బ్యాటు ఝళిపించాడు.

ఫోర్! రెండు జట్లవీ 159 పరుగులే. ఇక సూపర్ ఓవర్.

నాలుగేళ్ల కిందట ఈ నేల మీద క్రికెట్ ఊసే లేదు. 2008లో బేస్‌బాల్ కోసం కట్టిన స్టేడియమిది. ఎయిర్‌హాగ్స్ అనే జట్టు ఆడేది. 2020తో ఆ జట్టు ఆట కట్టయింది. గ్యాలరీలు ఉన్నాయి, దీపస్తంభాలు ఉన్నాయి, ఆడేవాళ్లే లేరు. ఏం చెయ్యాలి దీన్ని?

బేస్‌బాల్‌లో బ్యాటర్ మైదానం మూలన నిలబడతాడు. 60 అడుగుల 6 అంగుళాల అవతల, పది అంగుళాల మట్టిదిబ్బ మీంచి బంతి విసురుతారు. క్రికెట్‌కి ఆ దిబ్బ పనికిరాదు, ఆ మూలా పనికిరాదు. అందుకే దిబ్బ తీసేసి, నేల చదును చేసి, నట్టనడుమ 22 గజాల పిచ్ పరిచి, చుట్టూ బౌండరీ గీసి, దాదాపు 2 కోట్ల డాలర్లు పోసి, 2023 జూలై 13న మేజర్ లీగ్ క్రికెట్ తొలి మ్యాచ్‌కి గేట్లు తెరిచారు. మన సత్య నాదెళ్ల కూడా ఆ లీగ్‌లో పెట్టుబడి పెట్టారు. అయితే డబ్బుతో స్టేడియం లేస్తుందేమో గానీ సీట్లు నిండవు. వాటిని నింపింది చుట్టుపక్కల ఇర్వింగ్, ప్లానో, ఫ్రిస్కోల్లో స్థిరపడ్డ మనవాళ్ల కుటుంబాలే. మరి అమెరికా సొంత జట్టో? ఆ జూన్ 6 మ్యాచ్‌కే మళ్లీ వెళ్దాం.

పాకిస్తాన్ బౌలర్ ఆమిర్ సూపర్ ఓవర్‌లో మూడు వైడ్లు వేశాడు. అమెరికా 18. ఇప్పుడు బంతి అమెరికా బౌలర్ సౌరభ్ నేత్రావల్కర్ చేతికొచ్చింది. ఒరాకిల్‌లో ఇంజినీరు. 2010 అండర్-19 ప్రపంచకప్‌లో ఇండియాకి ఆడి, ఇదే పాకిస్తాన్ చేతిలో క్వార్టర్‌ఫైనల్ ఓడినవాడు. ఇఫ్తికార్ గాల్లోకి లేపాడు. మిలింద్ కుమార్ ఒడిసిపట్టాడు!

ఆఖరి బంతికి పాకిస్తాన్‌కి ఏడు కావాలి. షాదాబ్ బలంగా ఊపాడు.

ఒక్క పరుగే. పాకిస్తాన్ 13. బేస్‌బాల్ గ్యాలరీ మొత్తం "యూఎస్ఏ! యూఎస్ఏ!" అని గొంతు చించుకుంది. ఆ గెలుపుతోనే, తొలిసారి ఆడిన టీ20 ప్రపంచకప్‌లో అమెరికాకి సూపర్-8 దారి తెరుచుకుంది.